బావ రాసిన ముప్పై రెండు

మొన్న ఆదివారం పొద్దున మా మేనకోడలు ఫోన్ చేసింది. దాని కూతురు ఈ ఏడే ఇంజినీరింగ్‌లో చేరింది. చదువుకు కంప్యూటర్ కావాలని మొదలుపెట్టి, చివరికి ఆటలు కూడా ఆగకుండా నడిచే కంప్యూటరే కావాలని తేల్చిందట. చదువు పేరు చెప్పి ఆటల మిషన్ కొనిపించుకోవడం మా ఇంట్లో కొత్త విద్యేమీ కాదు గనక నవ్వుతూనే విన్నాను. "తక్కువల అయిపోవాలె మామా. షాపాయన ఒక్కటే అడుగుతుండు, మెమరీ పదహారు పెట్టాల్నా, ముప్పై రెండు పెట్టాల్నా అని. నువ్వెంత అంటె గంత" అంది. నా నవ్వు అక్కడ ఆగిపోయింది. పాతికేళ్ల కిందట కూడా ఇవే రెండు అంకెలు. అప్పుడు మెగాబైట్లు, ఇప్పుడు గిగాబైట్లు. కొలత వెయ్యి రెట్లు పెరిగింది గాని ప్రశ్న మాత్రం ఉన్నచోటనే ఉంది. "లైన్ల ఉన్నవా మామా?" అని అది రెండుసార్లు అడిగింది. సాయంత్రం చెప్తానని పెట్టేశాను. ఈ ప్రశ్నకు ఒకసారి ఒప్పు జవాబే దొరికినా తప్పు పని చేసినవాణ్ని నేను. ఇప్పుడు అడుగుతున్నదేమో ఆయన కూతురు.

ఆయనంటే మా బావ, అక్క మొగుడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారు. సర్దారంటే తలపాగా, గుర్రం అనుకునేరు; అవేమీ లేవు. నెత్తిన టోపీ, టోపీకి దీపం, చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర. బాయిలో దిగాక ముఠా కంటే ముందు పని జాగాకు వెళ్లి, ఆ కర్రతో పైకప్పును కొట్టి చూడటం ఆయన పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పగులున్న కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ రెండు చప్పుళ్ల తేడా మీద ఇరవై మంది ప్రాణాలుంటాయి. ఆయన "మంచిగుంది, రాండ్రి" అంటేనే మిగతావాళ్లు లోపల అడుగుపెడతారు. ఆ తర్వాత చాక్‌పీసుతో అక్కడ తన పేరు మొదటి అక్షరాలు, ఆనాటి తేదీ రాస్తాడు. నేను చూశాను, పూచీ నాది అని దానర్థం. "సూడంది రాయద్దు, రాసింది తుడువద్దు" అనేది ఆయన వేదం. ఈ అలవాటు బాయిలో వదిలిపెట్టి రావడం ఆయన వల్ల కాలేదు. కంపెనీ క్వార్టర్‌లో బియ్యం డబ్బా మీద నింపిన తేదీ, నీళ్ల డ్రమ్ము మీద కడిగిన తేదీ, ఫ్యాను రెక్క మీద తుడిచిన తేదీ, అన్నిటి కిందా పొడి అక్షరాలు. "నా నెత్తి మీద గూడ రాయి, ఎప్పుడు దువ్వుకున్ననో" అని అక్క విసుక్కునేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క ఉండటం వల్ల ఆయన చొక్కాలన్నిటికీ గుండె మీద తెల్లటి మరక ఉండేది.

అలాంటి మనిషికి నలభై దాటాక కార్ల పందెం పిచ్చి పట్టింది. చౌరస్తా దగ్గర అప్పుడే ఒక వీడియో ఆటల దుకాణం వెలిసింది. మొదటి షిఫ్టు దిగి వస్తూ ఒకరోజు ఊరికే తొంగిచూశాడట. తెర మీద నీలం ఆకాశం, పచ్చటి గట్లు, ఎక్కడా అడ్డులేని రోడ్డు. అంతే, పడిపోయాడు. ఆయనకు సైకిల్ తప్ప ఏ బండీ నడపడం రాదు. "బాయిల ఎనిమిది గంటలు నాలుగు గజాల ముంగట కనవడ్తె గొప్ప. గిండ్ల సూడు, రోడ్డు కొసదాక కనవడ్తది" అని నాకు ఎంతో రహస్యంలా చెప్పాడు. కాని స్కూలు పిల్లల వెనకాల వరసలో నిలబడటం సర్దారుకు నామోషీ. తన కింద పనిచేసేవాళ్ల పిల్లలే "సర్దార్ సాబ్, మీ నంబరు ఇంక రాలే" అంటుంటే ఎంత ఓర్పయినా ఎన్నాళ్లు? ఆ దీపావళి బోనస్ రాగానే నాకు కబురొచ్చింది.

నేనప్పుడు డిగ్రీ పూర్తిచేసి పెద్దపల్లిలో ఒక చిన్న సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. చుట్టాల్లో ఆ విద్య తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కావడంతో, వచ్చినదానికంటే ఎక్కువ వచ్చునన్న పేరు కూడా ఉండేది. బావా నేనూ పాత క్యాలెండర్ కాగితం వెనక జాబితా రాసుకున్నాం. చివరికి పేచీ ఒక్కచోట వచ్చింది. ఉన్న డబ్బులో మెమరీ ముప్పై రెండు పెడితే స్పీకర్లు రావు. స్పీకర్లు కావాలంటే పదహారుతో సర్దుకోవాలి. మెమరీ అంటే ఏమిటని అడిగాడు. పని జరుగుతున్నప్పుడు మిషన్ సామాను ముందు పరుచుకునే జాగా అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటె బాయిల జంక్షన్ అసొంటిది. జాగ సాల్తె పట్టాల మీద బొగ్గు నింపిన టబ్బులు ఒకదిక్కు, ఖాళీ టబ్బులు ఒకదిక్కు నిలవడ్తయ్. ఇరుకైందనుకో, ఒకటి పోయేదాక ఇంకోటి ఆగాలె" అన్నాడు. రెండేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఇంత చక్కని పోలిక తట్టలేదు. తర్వాత క్లాసులో నా సొంతంలా వాడుకున్నాను కూడా. "ముప్పై రెండే పెట్టు. స్పీకర్లు ఇడిసిపెట్టు" అని తేల్చేశాడు. చప్పుడు లేకపోతే ఆటలో ఏముంటుంది బావా అన్నాను. "చప్పుడు ఇనుడు నా డ్యూటీ. ఇంటికొచ్చి గూడ ఇనాల్నా?" అన్నాడు. అలా ఆయన చప్పుడు వదులుకుని జాగా కొనుక్కున్నాడు.

సామానంతా హైదరాబాదులో కొన్నాను. తిరుగు రైల్లో దుప్పటి చుట్టిన మానిటర్‌కు సీటిచ్చి నేను నిలబడే వచ్చాను. ముందు పెద్దపల్లిలో నా గదిలో దించి, బిగించి, నడుస్తుందో లేదో చూశాను. మెమరీ కార్డులు రెండు, ఒక్కొక్కటి పదహారు. నా దగ్గర కూడా ఒక పాత మిషన్ ఉండేది. హైదరాబాదులో ఒక ఉద్యోగం పరీక్ష కోసం కొత్త ప్రోగ్రాం ఒకటి నేర్చుకుంటున్నాను. అది నా మిషన్ మీద ఈడ్చుకుంటూ, దేక్కుంటూ నడిచేది. చూద్దాం అని బావ కార్డుల్లో ఒకటి తీసి నాదాంట్లో పెట్టాను. చూద్దాం అనుకున్నది మాత్రం నిజం. ప్రోగ్రాం పరుగెత్తింది. తీసి మళ్లీ బావదాంట్లో పెట్టబోయి ఆగాను. పరీక్షకు ఇంకా మూడు నెలలే. ఆడుకునేవాడికి పదహారు చాలదా, బతుకు నిలబెట్టుకోవాల్సిన వాణ్ని కదా నేను అనుకున్నాను. పరీక్ష కాగానే ఏదో సాకుతో వెళ్లి మూత తీసి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? దొంగతనం అన్న మాట ఆ రోజు నా మనసులోకి రానే లేదు. ఇప్పుడు ఆ మాట తప్ప వేరే మాట రాదు.

గోదావరిఖనిలో బిగించిన రోజు ఇరుగుపొరుగు అంతా చూడటానికి వచ్చారు. అక్క మిషన్‌కు బొట్టు పెట్టింది. మీట నొక్కగానే నల్లటి తెర మీద అంకెలు గబగబా పెరిగి, 16384 దగ్గర, అంటే సరిగ్గా పదహారు మెగాబైట్ల దగ్గర ఆగాయి. అంకెలతో బతికే మనిషి కదా, బావ కన్ను వెంటనే పట్టేసింది. "అదేందిరా, లెక్కవెడ్తుంది?" అన్నాడు. "అది దాని మస్టరు బావా. పొద్దుగాల హాజరు ఏసుకుంటది. దాంతోని మనకు పనిలేదు" అన్నాను. షిఫ్టు హాజరుకు వాళ్లు వాడే మాట గనక ఆయనకు ఎంతో సబబుగా తోచింది. "ముప్పై రెండు పెట్టినవ్ గద?" అని అడిగాడు. పెట్టానన్నాను. జేబులోంచి చాక్‌పీసు తీసి, డబ్బా పక్క రేకు మీద పెద్దగా 32 అని, కింద పొడి అక్షరాలు, తేదీ రాశాడు. తను కొట్టి చూడకుండా, ఇంకొకరి మాట మీద బావ చాక్‌పీసు పెట్టడం నేనెరిగి అదొక్కసారే. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపలేదు.

మొదటి నెలంతా నవ్వులే. సాయంత్రం స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని, డ్యూటీకి పోయినంత శ్రద్ధగా మిషన్ ముందు కూర్చునేవాడు. పందెం సంగతి పట్టించుకునేవాడు కాదు. అందరూ రయ్యిమని పోతుంటే ఎడమ పక్కన మెల్లగా, గట్ల మీది చెట్లు చూసుకుంటూ పోయేవాడు. "అందరు పోయిర్రు, నువ్వొక్కనివే ఉన్నవ్" అని అక్క బొగ్గు పొయ్యి దగ్గర నుంచి వేళాకోళం చేసేది. ఏడో తరగతి చదివే మా మేనకోడలు "బాపు బస్సు నడుపుతుండు" అనేది. ఆ మాట పౌరుషం తెచ్చింది కాబోలు, నిజంగానే పందెంలో దిగాడు. అప్పుడు మొదలైంది అసలు బాధ. సరిగ్గా మలుపు దగ్గర తెర రెప్పపాటు ఆగేది. తేరుకునేసరికి కారు గుంటలో ఉండేది. జాగా ఇరుకైతే టబ్బులు ఆగుతాయని ఆయనే చెప్పాడు కదా, అదే జరుగుతోంది. కాని రేకు మీద 32 అని ఉంది, రాసింది తనే. అందుకని ఆయన మిషన్‌ను అనుమానించలేదు. "నా చెయ్యే మందమైనట్టుంది" అని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు.

పక్క క్వార్టర్‌లో ఒక సాయిబు ఉండేవాడు, వర్క్‌షాపులో ఫిట్టరు. నేను వెళ్లిన ఒక సాయంత్రం ఆయన కూడా కూర్చుని చూస్తున్నాడు. నాలుగైదు గుంటలయ్యాక, "సర్దార్ సాబ్, మీ చెయ్యిది కాదు. మిషన్లనే ఏదో గడ్‌బడ్ ఉంది. నా దగ్గర పేంచ్‌కస్ ఉన్నది, ఒక్కపారి మరలు ఇప్పి చూద్దాం" అన్నాడు. బావ తెర మీంచి చూపు తిప్పకుండానే, "నా బామ్మర్ది సూసి పెట్టిండు. ఇంక సూసుడెందుకు?" అన్నాడు. ఫిట్టరు నా వంక ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. నేను నీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను.

ఆ తర్వాత రెండు వారాలకు అనుకుంటాను, శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి బావ వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు డ్యూటీకి పోలేదట. టీ చల్లారిపోయి మీగడ కట్టింది. నన్ను కూర్చోమని, తెలియనివాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "నిన్న నేను కొట్టి సూసి, మంచిగుంది అని రాసిన జాగల రెండు గంటలైనంక కప్పు పెచ్చు ఒకటి రాలింది. ఎవ్వరికి తాకలే. పెచ్చులు రాలుడు కొత్తేం గాదు. గని నాకు అనుమానం వట్టింది. ఆటల గూడ గంతే గద. మలుపు కండ్లకు కనవడ్తది, చెయ్యి పోదు. మిషన్ మంచిగుంది, నువ్వు పెట్టినవ్. ఇగ తేడా నా తాన్నే ఉన్నట్టు. చెవు గూడ గట్లనే లేటైతుందేమో. ఇరువై మంది నా చెవును నమ్మి లోపటికి వస్తరు."

ఆ కార్డు అప్పుడు పెద్దపల్లిలో, నా మిషన్‌లో ఉంది. పరీక్ష ఇంకా మూడు వారాలు. "బావా, తేడా నీ తాన లేదు, సగం మెమరీ నా దగ్గరుంది" అంటే అయిపోయేది. తిట్టేవాడు. మహా అయితే కొన్నాళ్లు మాట్లాడేవాడు కాదు. మాట పెదవుల దాకా వచ్చింది కూడా. ఏం అన్నానో తెలుసా? "ఒకపారి దవాఖానల సూపిచ్చుకో బావా" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. సోమవారమే పోయి కంపెనీ దవాఖానలో చెవులు, కళ్లు అన్నీ చూపించుకున్నాడు. డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. బావకు అది ఆనలేదు. "డాక్టరు మిషన్ల సూసిండు. నేను పనిల సూసుకున్న" అని, బాయి పైన ఏ పనైనా ఇమ్మని మేనేజరుకు కాగితం పెట్టుకున్నాడు. జీతం తగ్గుతుందని చెప్పినా వినలేదు. ల్యాంప్ రూములో వేశారు. దిగేవాళ్లకు కిటికీలోంచి దీపాలు అందించే పని.

అక్క సంతోషం చూడాలి. పెళ్లయినప్పటినుంచి సైరన్ వేళ తప్పి మోగితే చేతిలో పని వదిలేసి బాయి గేటు దాకా పరుగెత్తిన మనిషి. "ఏ దేవుడు బుద్ధి చెప్పిండో తమ్మీ" అని కొబ్బరికాయ కొట్టింది. ఆ ప్రసాదం నాకూ పెట్టింది. ఆ ముక్క నమిలినంత సేపూ, నా తప్పు అక్కకు మేలే చేసింది కదా అనుకున్నాను. చాలా ఏళ్లు ఆ మాటను అడ్డం పెట్టుకునే బతికాను. కాని ఒకసారి బాయి దగ్గరికి పోయి ఆయన్ని ఆ కిటికీలో చూశాను. నిన్నటిదాకా ఆయన మాట మీద లోపల అడుగుపెట్టినవాళ్లు వరసలో వచ్చి దీపాలు తీసుకుంటున్నారు. "ఏంది సర్దారు, భయపడ్డవా?" అని ఒకడు నవ్వుతూ అన్నాడు. బావ కూడా నవ్వి, దీపం ఇస్తూ, "రూఫ్ కొట్టి సూసినంకనే పోండ్రి" అన్నాడు. ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాడు. వినేవాళ్లు విన్నారు, విననివాళ్లు దీపం తగిలించుకుని పోయారు.

పరీక్షలో నెగ్గాను. నాలుగైదు నెలలకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లంతో వెళితే బావ ఒక ముక్క నోట్లో వేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "నీకు పనికొచ్చింది గద. సాలు" అన్నాడు. చదువు గురించి అంటున్నాడనుకున్నాను. కార్డు ఆ రోజు నా జేబులోనే ఉంది, కాగితంలో మడిచి. పెట్టే సందు దొరకలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో అన్నిసార్లు జేబులో పెట్టుకునే వెళ్లాను; ఎప్పుడూ ఎవరో ఒకరు గదిలో ఉండేవారు. సాకులు వెతికేవాడికి జనం ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తారు. ఇంకొక సంగతి కూడా అప్పుడు చూశాను గాని, చూసినట్టు కాదు. అక్క దుమ్ము దులిపినప్పుడల్లా రేకు మీది 32 చెరిగిపోయేది, బావ మళ్లీ రాసేవాడు. ఒక దశలో చెరిగింది చెరిగినట్టే ఉండిపోయింది. ఆట మీద మోజు తీరిందనుకున్నాను. మిషన్‌కు గుడ్డ కప్పి అల్మరా మీదికి ఎక్కించారు.

పద్దెనిమిదేళ్ల తర్వాత బావ రిటైరై క్వార్టర్ ఖాళీ చేసే రోజు నేనూ సాయానికి వెళ్లాను. ఆ కార్డు అప్పుడు కూడా జేబులోనే ఉంది. ఇప్పుడైనా దాని చోట దాన్ని పెట్టేద్దామని. ఆ మిషన్ ఇక ఎవరికీ పనికిరాదని తెలుసు. నాకు మాత్రం పనికొస్తుందనుకున్నాను. దారిలో ఊడకుండా మరలు బిగిస్తానని చెప్పి, గదిలో ఒక్కణ్నే కూర్చుని మూత తీశాను. లోపల దుమ్ము, పక్కన ఖాళీ గాడి. రేకు పక్కన పెట్టబోతూ తిప్పి చూశాను. లోపలి వైపు చాక్‌పీసుతో రాసి ఉంది: 16. కింద బావ పొడి అక్షరాలు. దాని కింద తేదీ. ఆయన ల్యాంప్ రూముకు వచ్చిన రెండో నెల అది.

రోజూ మస్టరు పదహారు దగ్గరే ఆగుతుంటే, అది చూస్తూ కూర్చున్నది సర్దారు కదా, ఎంతకాలం తెలియకుండా ఉంటుంది? మూత తీసి తనే చూశాడు, చూసింది రాశాడు. చెవి మంచిదే, చెయ్యి మంచిదే అని ఆ రోజే తెలిసిపోయింది. మళ్లీ కిందికి పంపమని అడగవచ్చు. అడిగితే పైకి ఎందుకు వచ్చాడో చెప్పాలి. అది చెప్పాలంటే నా పేరు చెప్పాలి. చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు ఆ కిటికీలోంచి దీపాలు అందిస్తూ ఉండిపోయాడు. మిఠాయి తిని "నీకు పనికొచ్చింది గద" అన్ననాడు ఆయనకు అన్నీ తెలుసు.

కార్డు చేతిలోకి తీసుకుని గాడి దాకా తెచ్చాను. పెడితే ముప్పై రెండు అవుతుంది. బావ రాసింది అబద్ధమవుతుంది. మళ్లీ కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాను. పక్క గదిలోంచి బావ గొంతు "బిగించినవారా?" అని వినిపించింది. బిగించానన్నాను. "లోపట సూసినవా?" అని అడిగాడు. "సూసిన బావా" అన్నాను. ఇద్దరి మధ్యా ఒక గోడ ఉంది, సామాను కట్టలున్నాయి. ఆ ఒక్క మాట తర్వాత ఇంకొక్క మాట నేను అనాల్సింది. ఆయన దానికోసమే అడిగాడు కూడా అనుకుంటాను. తర్వాత, "సరే, ఎత్తు. బండి ఆగింది బయట" అన్నాడు. బావ పోయి నాలుగేళ్లయింది.

సాయంత్రం మేనకోడలికి ఫోన్ చేశాను. "ముప్పై రెండు పెట్టించు బిడ్డా. ఇంటికి తెచ్చే ముందట షాపులనే మూత తీయించి, లోపట నీ కండ్లతోని లెక్కవెట్టుకో" అని చెప్పాను. అది నవ్వింది. "నువ్వు చెప్పినవ్ గద మామా, ఇంక సూసుడెందుకు?" అంది. అచ్చం వాళ్ల నాన్న గొంతే. నేను మాట మార్చి పిల్ల చదువు గురించి అడిగాను. వరండాలో ఆ శనివారం నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ తర్వాత దొరికిన పాతికేళ్లూ దానికి చాలలేదు.